ప్రభుత్వంలో సామాజిక పరిశోధన: ఏ దారి ఎవరికి నప్పుతుంది?

సామాజిక పరిశోధకులు కావలెను అంటూ మన దగ్గర ప్రభుత్వ నోటిఫికేషన్ వెలువడదు. బ్రిటన్‌లో ఈ పని చేసేవారికి ప్రభుత్వంలోనే ఒక గుర్తింపు పొందిన వృత్తి విభాగం ఉంది. మన దేశంలో అదే పని జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్, అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్, ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్, యంగ్ ప్రొఫెషనల్, రీసెర్చ్ అసోసియేట్, సామాజిక తనిఖీ రిసోర్స్ పర్సన్ వంటి రకరకాల పేర్ల వెనుక దాగి ఉంది. అందుకే కావలిలోనో కందుకూరులోనో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదువుకొని, ప్రజల బతుకును లెక్కతో పట్టి చూపే పని చేయాలని ఆశపడే పిల్లలకు దారి కనబడదు. చివరకు గ్రూప్-2కో బ్యాంకు పరీక్షకో కూర్చుంటారు. ఆ పరీక్షలు తక్కువవని కాదు. కానీ ఈ పనికి తగిన బుర్ర, ఓపిక ఉన్న మనిషి ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందని తెలియకుండానే వేరే వైపు వెళ్లిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

దారులను పోల్చేటప్పుడు జీతం, హోదా, పోస్టింగ్ చూస్తాం. చూడాల్సిందే. అంతకన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోమని నా సలహా: అంకె పుట్టే చోటుకు మీరు ఎంత దగ్గరగా ఉండాలనుకుంటున్నారు? ఇంటి గడప దగ్గరా, జిల్లా కార్యాలయంలోనా, ఢిల్లీలో నివేదిక తయారయ్యే బల్ల దగ్గరా? ఈ మూడింటికీ కావలసిన స్వభావాలు వేరు, రాయాల్సిన పరీక్షలు వేరు.

గడప దగ్గర ఏం జరుగుతుంది

ఏ దారిలో వెళ్లినా ఈ పని ఎలా ఉంటుందో ముందు తెలియాలి. దేశంలో నిరుద్యోగం ఇంత శాతం అని పత్రికల్లో చదువుతుంటాం. అది పీఎల్ఎఫ్ఎస్ అనే శ్రామిక శక్తి సర్వే నుంచి వస్తుంది. 2017 ఏప్రిల్‌లో మొదలైన ఈ సర్వే పద్ధతిలో 2025 జనవరిలో మార్పులు చేశారు, అప్పటినుంచి నెలవారీ అంచనాలు కూడా ఇస్తున్నారు. ఎంపికైన ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళ్లి వివరాలు తీసుకుంటారు. ఇంట్లో ప్రతి మనిషికీ వారి పనిని బట్టి ఒక కోడ్ వేస్తారు.

ఉదయగిరి వైపు ఒక పల్లె అనుకోండి. ఇంటావిడను "మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగితే, "నేనేం చేస్తాను నాయనా, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. అంతటితో రాసుకొని లేచి వస్తే ఆమెకు పడేది కోడ్ 92. ఇంటి పనులు మాత్రమే చేసేవారి కోడ్ అది. దేశ శ్రామిక శక్తిలో ఆమె ఇక లేనట్టే. అలా లేవకుండా, గేదెలు ఎన్ని, మేత ఎవరు కోసుకొస్తారు, పాలు పితికి కేంద్రంలో ఎవరు పోసొస్తారు అని అడిగి చూడండి. తెల్లవారుజామున మొదలయ్యే ఆ చాకిరీ అంతా ఆమెదేనని బయటపడుతుంది. పాడి ఆ ఇంటి వ్యాపకం. అందులో కూలి లేకుండా పాలుపంచుకునే మనిషి కోడ్ 21 కిందికి వస్తుంది, అంటే కార్మికురాలు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇంటి పనులకే పోయినా, ఆ పని 30 రోజులకు తగ్గకుండా చేస్తే అనుబంధ పనిగానైనా నమోదవుతుంది. ఆడవాళ్లు పనుల్లోకి వస్తున్నారా, మానేస్తున్నారా అని దేశమంతా జరిగే చర్చ ఇలాంటి వేలాది సంభాషణల మీద నిలబడి ఉంది. సర్వేయరు ఆ సాయంత్రం బస్సు తప్పిపోతుందని తొందరపడితే ఆ చర్చే తప్పుదారి పడుతుంది.

ఇలాంటి సంభాషణ మీకు విసుగు పుట్టిస్తుందా, ఉత్సాహం ఇస్తుందా? దానికి మీరిచ్చుకునే జవాబు ఏ కోచింగ్ సెంటర్ సలహా కన్నా విలువైనది.

కేంద్రం వైపు: జేఎస్ఓ, ఐఎస్ఎస్, ఐఈఎస్

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఏటా నిర్వహించే సీజీఎల్ అనే డిగ్రీ స్థాయి ఉమ్మడి పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ (జేఎస్ఓ) పోస్టులు ఉంటాయి. ఇన్‌కమ్ టాక్స్, ఆడిట్ పోస్టుల హడావిడిలో మన పిల్లలు దీన్ని పట్టించుకోరు. అర్హత వివరం ఆసక్తికరంగా ఉంటుంది: ఏదైనా డిగ్రీ ఉండి, ఇంటర్మీడియట్ గణితంలో 60 శాతం మార్కులు ఉన్నా సరే, లేదా డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్నా సరే. అంటే ఇంటర్‌లో ఎంపీసీ గానీ ఎంఈసీ గానీ చదివి, తరువాత బీఏలో చేరిన విద్యార్థికీ తలుపు తెరిచే ఉంది. వయసు 32 వరకు. అందరూ రాసే పేపర్లతో పాటు రెండో దశలో స్టాటిస్టిక్స్‌కు 100 ప్రశ్నలు, 200 మార్కుల ప్రత్యేక పేపరు రాయాలి. ఆ పేపరుకు భయపడి చాలామంది ఈ పోస్టుకు ఆప్షన్ ఇవ్వరు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవారికి కలిసొచ్చేది సరిగ్గా అక్కడే. ఏడో వేతన సంఘం లెక్కలో లెవెల్ 6, మూలవేతనం 35,400 రూపాయలతో మొదలవుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం అదనం. పరీక్ష కేంద్రాల జాబితాలో నెల్లూరు కూడా ఉంటుంది కాబట్టి రాయడానికి దూరం పోనక్కర్లేదు.

పోస్టింగ్ మాత్రం దూరమే కావచ్చు. ఎక్కువమంది జాతీయ గణాంక కార్యాలయంలోని క్షేత్ర విభాగానికి వెళతారు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే వారసత్వం ఇది. 2019లో కేంద్ర గణాంక సంస్థతో కలిపి ఒకే కార్యాలయం చేశారు. మొదటి నియామకం రాష్ట్రం బయట పడవచ్చు, ఊళ్లు తిరగక తప్పదు. ఇంటి ఖర్చుల సర్వేలో అయితే ఆహారానికి ఒకటి, నిత్యావసర వస్తువులకు, సేవలకు ఒకటి, ఎక్కువకాలం మన్నే వస్తువులకు ఒకటి చొప్పున మూడు ప్రశ్నావళులతో మూడు నెలలు అదే ఇంటికి వెళ్లాలి. మూడోసారి వెళ్లినప్పుడు ఆ ఇంటివాళ్లు తలుపు తీసేలా మొదటిసారే మెలగడం ఈ ఉద్యోగంలో అసలు నైపుణ్యం.

ఇదే పరీక్షలో స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ గ్రేడ్-2 అనే పోస్టు కూడా ఉంది. అది జనగణన చూసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయానిది. దీనికి డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి ఉండటం తప్పనిసరి, ఇంటర్ గణితం చాలదు. జనగణనకు ఇళ్లిళ్లూ తిరిగే ఎన్యూమరేటర్లను కొత్తగా ఉద్యోగంలోకి తీసుకుంటారని చాలామంది అనుకుంటారు. ఆ పని ప్రధానంగా ఉపాధ్యాయులు, ఇతర ప్రభుత్వ సిబ్బంది చేస్తారు. 2026లో ఇళ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్క అని ప్రకటించిన ఈ విడతలో కులాల లెక్క కూడా ఉంది కాబట్టి, ఆ వివరాలను వర్గీకరించి పట్టికలుగా తెచ్చే పని కొన్నేళ్లపాటు సాగుతుంది. పరిశోధన మీద మక్కువ ఉన్నవారికి ఇది మంచి కాలం.

ఇక యూపీఎస్సీ వైపు రెండు సర్వీసులు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (ఐఎస్ఎస్)కు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉంటే చాలు, పీజీ అక్కర్లేదు. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ (ఐఈఎస్)కు ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి. రెండింటికీ వయసు 21 నుంచి 30. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు. రాతపరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200. మొదలే లెవెల్ 10, మూలవేతనం 56,100. నెల్లూరు నుంచి పరీక్ష రాయడానికి చెన్నై దగ్గర. పోస్టుల సంఖ్య చిన్నది, పోటీ గట్టిది. ఇక్కడ మీరు సర్వేను రూపొందించే, విశ్లేషించే, మంత్రిత్వ శాఖలకు సలహా ఇచ్చే స్థాయిలో ఉంటారు. గడప దూరమవుతుంది.

జేఎస్ఓగా చేరినవారికి సీనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ మీదుగా పదోన్నతితో ఐఎస్ఎస్‌లోకి వెళ్లే మార్గం ఉంది. నిదానమైన మార్గం, కానీ నాకు ఎక్కువ గౌరవం ఉన్నది దాని మీదే. కోడ్ 21కీ 92కీ మధ్య ఒక ఆడమనిషి ఎలా మాయమవుతుందో కళ్లారా చూసిన అధికారి తయారుచేసే ప్రశ్నావళి వేరుగా ఉంటుంది.

రాష్ట్రం వైపు: ఏఎస్ఓ, సీపీవో కార్యాలయం

కలెక్టరేట్ పనుల మీద వెళ్లినవారు సీపీవో కార్యాలయం అనే బోర్డు చూసే ఉంటారు. ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం అది. రాష్ట్ర అర్థ గణాంక శాఖకు జిల్లాలో కాళ్లూ చేతులూ ఇదే. మండలాలవారీ వర్షపాతం, సాగు విస్తీర్ణం, ధరలు, జిల్లా స్థూల ఉత్పత్తికి కావలసిన వివరాలు ఇక్కడ పోగవుతాయి. ఏటా వచ్చే జిల్లా గణాంక దర్శిని ఇక్కడే తయారవుతుంది. ఈ శాఖలోకి ప్రవేశ ద్వారం అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ (ఏఎస్ఓ) పోస్టు. ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఉండటం ఇక్కడ కీలకం. ఎకనామిక్స్, కామర్స్, కంప్యూటర్ సైన్స్‌తో కలిపి చదివినవారికి ఏ మేరకు అర్హత ఇచ్చారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అక్షరం అక్షరం చదవాలి. ఈ నోటిఫికేషన్ ఏటా రాదు. దీన్ని మాత్రమే నమ్ముకొని కూర్చోవద్దు అనడానికి ముఖ్య కారణం అదే.

ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది పంట కోత ప్రయోగం. నెల్లూరు జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానలే ప్రాణం కాబట్టి ప్రధాన వరి రబీలో పండి మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకొస్తుంది. నీళ్లుంటే ఆ తరువాత ఎడగారు అనే రెండో పంట. గ్రామంలో సర్వే నంబరు, అందులో పొలం, ఆ పొలంలో కొలత మొదలుపెట్టాల్సిన చోటు, అన్నీ యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారమే తేలాలి. అక్కడ 5 మీటర్లకు 5 మీటర్ల గడి కొలిచి, తాడు కట్టి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఆ 25 చదరపు మీటర్ల తూకం ఎన్నో ఎకరాల దిగుబడికి ప్రతినిధి. పంటల బీమా పరిహారం ఆ అంచనాల మీద ఆధారపడుతుంది. సంఖ్య చూపిన గట్టు వరకు బురదలో నడవడానికి బద్ధకించి రోడ్డు పక్కన ఏపుగా పెరిగిన మడిలో గడి వేస్తే దిగుబడి ఎక్కువ కనబడుతుంది, నష్టపోయిన రైతుకు పరిహారం పోతుంది. కాగితం మీద ఈ తేడా ఎవరికీ కనబడదు. గడి వేసిన మనిషి నిజాయితీ ఒక్కటే దానికి కాపలా.

జేఎస్ఓనా, ఏఎస్ఓనా అని అడిగితే నా జవాబు ఇది. ఇంటికి దగ్గరగా ఉండాలి, అమ్మానాన్నలను చూసుకోవాలి, మన ప్రాంతాన్ని లోతుగా తెలుసుకోవాలి అనుకునేవారికి ఏఎస్ఓ. సర్వే శాస్త్రాన్ని పద్ధతిగా నేర్చుకోవాలి, దేశం చూడాలి, పైకి ఎదగాలి అనుకునేవారికి జేఎస్ఓ. కేంద్ర సర్వేల్లో శిక్షణ, నిర్వచనాల కచ్చితత్వం ఎక్కువ. రాష్ట్ర కొలువులో పని విస్తృతి ఎక్కువ; అదే సమయంలో వేరే శాఖల పనులు, సమీక్షా సమావేశాలకు హడావిడిగా అడిగే నివేదికలు మీద పడి, అసలు పనికి సమయం చాలని రోజులూ ఉంటాయి. ఆ ఒత్తిడిలోనూ లెక్క చెడకుండా కాపాడుకోగల మొండితనం మీలో ఉందా చూసుకోండి. సిలబస్‌లో చాలా భాగం రెండింటికీ ఒకటే కాబట్టి చదువు రెండింటికీ సాగించవచ్చు. ఎంపిక ఫలితాలు వచ్చాక చేసుకోవచ్చు.

రాష్ట్ర పోస్టులకు స్థానికత తేలాలి గనుక నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చిపెట్టుకోండి. చిన్నప్పుడు చెన్నైలోనో బెంగుళూరులోనో కొన్నేళ్లు చదివిన పిల్లలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. సర్టిఫికెట్ల పరిశీలన రోజున పరుగులు పెట్టడం కన్నా ఇప్పుడే లెక్క చూసుకోవడం మేలు.

ఒప్పంద ఉద్యోగాలు: నేర్పుతాయి, నిలపవు

నీతి ఆయోగ్, కేంద్ర మంత్రిత్వ శాఖలు, రాష్ట్ర శాఖలు యంగ్ ప్రొఫెషనల్స్, కన్సల్టెంట్ల పేరుతో నియమించుకుంటాయి. నీతి ఆయోగ్‌లో పథకాల మూల్యాంకనానికి 2015లో ఏర్పడిన ప్రత్యేక కార్యాలయం కూడా ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ప్రాజెక్టులవారీగా పరిశోధన సిబ్బందిని తీసుకుంటుంది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ నడిపే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకు క్షేత్ర సంస్థల ద్వారా తాత్కాలికంగా సర్వేయర్లు కావాలి. ఆ సర్వేలో ఆడవాళ్లను ఆడవాళ్లే ప్రశ్నించాలి. పొదిలిలోనో ఆత్మకూరులోనో పుట్టి, ఆ యాస తెలిసి, ఊళ్లు తిరగడానికి వెనుకాడని అమ్మాయికి ఇది తొలి అవకాశం కాగలదు.

వీటిలో నేర్చుకునే వేగం శాశ్వత ఉద్యోగాల కన్నా ఎక్కువ. ప్రశ్నావళి తయారీ, క్షేత్రం, విశ్లేషణ, నివేదిక అన్నీ ఏడాదిలోనే చేతి మీదుగా పోతాయి. కానీ ఒప్పందం ముగిసే నెల దగ్గరపడుతుంటే మనసు పనిమీద నిలవదు. డబ్బులు ఆలస్యమయ్యే చోట్లూ ఉన్నాయి. అందువల్ల చేరేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఒప్పందం ఎన్ని నెలలు, ప్రయాణ ఖర్చు ఎవరిది, నివేదికలో మీ పేరు ఉంటుందా. ఈ మూడో ప్రశ్న అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. తరువాతి దరఖాస్తుకు చూపించుకోగలిగింది అదే కాబట్టి మొహమాటం వద్దు. రెండేళ్లకు మించి ఒప్పందాల మీదే ఉండిపోతూ పరీక్ష చదువు మానేస్తే 30 ఏళ్ల గీత నిశ్శబ్దంగా దాటిపోతుంది. ఇంట్లో సంపాదన మీ మీదే ఆధారపడి ఉంటే ఈ దారిని మొదటి ఎంపికగా నేను చెప్పను.

ఒప్పందాల్లోనే సామాజిక తనిఖీ గురించి విడిగా చెప్పాలి. ఉపాధి హామీ పనుల మీద ప్రజలే తనిఖీ చేసే పద్ధతి 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వపరంగా మొదలై దేశానికి నమూనా అయ్యింది. తనిఖీ బృందం మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, తీసుకొని ఇంటింటికీ వెళ్లి, "ఈ వారం మీరు ఈ పనికి వెళ్లారా? ఇంత కూలి ముట్టిందా?" అని అడుగుతుంది. చెరువు పూడిక తీశామని రాసిన కొలతలను అక్కడికే వెళ్లి టేపు పట్టి చూస్తుంది. గ్రామసభలో చదివి వినిపిస్తుంది, మండలంలో ప్రజావేదిక ముందు పెడుతుంది. ప్రశ్నించబడినవారు కూడా అక్కడే కూర్చొని ఉంటారు. విశ్వవిద్యాలయ పరిశోధకుడికి ఎప్పుడూ ఎదురుకాని పరీక్ష ఇది: మీరు తేల్చింది తప్పయితే ఊరంతా అక్కడికక్కడే చెబుతుంది. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివినవారికి, నోరున్నవారికి, ఒత్తిడికి లొంగనివారికి ఇంతకన్నా మంచి శిక్షణాలయం నాకు తెలియదు. ఊళ్లో పెద్దమనుషులతో గొడవ అంటేనే నిద్ర పట్టనివారు మాత్రం గణాంక శాఖ వైపు వెళ్లడం మంచిది. అది లోపం కాదు, స్వభావం.

పీహెచ్‌డీ మీదుగా

యూజీసీ నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయన శాఖ ఉంది. హైదరాబాదులో సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం), టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) ఉన్నాయి. దగ్గరలో విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఒక ప్రశ్నను ఏళ్ల తరబడి పట్టుకొని వదలనివారికి ఇది సరైన దారి. ప్రభుత్వంలో ఉద్యోగం కోసం మాత్రమే పీహెచ్‌డీ చేయడం దండగ. పైన చెప్పిన ఏ పరీక్షకూ అది అవసరం లేదు.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలే పాఠ్యపుస్తకం

ఎంపిక ఏదైనా, ఇక్కడ పుట్టిన విద్యార్థికి ఉన్న సౌలభ్యం గురించి చెప్పాలి. ప్రకాశం జిల్లా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాకు, చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లాయి. కందుకూరు నెల్లూరులో కలిసింది. హద్దుల మార్పు అక్కడితో ఆగలేదు. 2011 జనగణనలో నెల్లూరు జనాభా 29.6 లక్షలు, ప్రకాశం జనాభా 34 లక్షలు అని ఉంటుంది. ఆ అంకె పక్కన ఈనాటి అంకె పెట్టి పెరిగింది, తగ్గింది అనేవారు వేర్వేరు భూభాగాలను పోలుస్తున్నారు. మండలాలవారీ పట్టికలు తీసుకొని పాత హద్దులకు సరిపెట్టడం ఒక సెలవుల్లో చేయదగ్గ పని. ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్ కన్నా ఇది ఎక్కువ మాట్లాడుతుంది.

కనిగిరి, పామూరు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగుళూరు వెళ్లిపోతాయి. నమూనాలో ఎంపికైన ఇల్లు తాళం వేసి ఉంటే దాని బదులు ఇంకో ఇల్లు తీసుకుంటారు. అప్పుడు వలస వెళ్లినవారి కష్టం కాస్తా వలస వెళ్లనివారి జవాబుల కింద కప్పబడిపోతుంది. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా ఉండే యానాది కుటుంబాలది ఇంకో సమస్య: ఊరి ఇళ్ల వరుసలో లేని గుడిసె జాబితాలోకే ఎక్కకపోవచ్చు. ఈ సంగతులు ఢిల్లీలో కూర్చున్నవారికి ఎవరో ఒకరు చెప్పాలి. ఇక్కడ పెరిగినవారు చెప్పగలరు.

అంకెల పరిమితి కూడా ఇక్కడే కనబడింది. ఇంటి ఖర్చుల సర్వేలో నాటుసారా అనేది ఒక వరుస. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు ఆ వరుస వెనుక ఉన్న తమ బతుకును తామే చదువుకున్నారు. సారా అంగళ్లను అడ్డుకున్నారు. వారిలో ఒకరైన రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. ఖర్చు ఎంతో పట్టిక చెబుతుంది. అది ఏ ఇంట్లో ఏ గొడవగా మారుతోందో తెలియాలంటే కూర్చొని వినాలి. ప్రశ్నావళి నింపడంతో పాటు వినడం కూడా వచ్చినవారిని పరిశోధకులు అంటాను.

ఇప్పుడు ఏం చేయాలి

డిగ్రీ చదువుతున్నవారు స్టాటిస్టిక్స్‌ను మేజర్‌గానో మైనర్‌గానో తీసుకునే వీలుంటే వదలవద్దు. మార్కుల జాబితాలో ఆ సబ్జెక్టు పేరు స్పష్టంగా ఉందో లేదో సరిచూసుకోండి, ఎందుకంటే అర్హత వివాదాలన్నీ అక్కడే పుడతాయి. సర్వేయర్లకు ఇచ్చే సూచనల పుస్తకాలు కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఏ గైడు కన్నా ముందు అవి చదవండి. సర్వేల్లో వచ్చిన అసలు డేటాను కూడా, మనుషుల పేర్లు, చిరునామాలు తీసేసి, ఆ శాఖ ఉచితంగా ఇస్తుంది. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అందులోంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ మహిళల పని స్థితిని మీ చేతులతో లెక్కగట్టి, ప్రభుత్వం ప్రచురించిన అంకెతో సరిపోల్చండి. సరిపోలే వరకు తప్పు వెతకండి. సరిపోలిన రోజున స్టాటిస్టిక్స్ పేపరు మీద భయం చాలావరకు పోతుంది.

ఇంటర్‌లో గణితం లేకుండా, డిగ్రీలో స్టాటిస్టిక్స్ లేకుండా బీఏ పూర్తి చేసినవారికి జేఎస్ఓ, ఏఎస్ఓ రెండూ మూసుకుపోతాయి. వారికి ఎంఎస్‌డబ్ల్యూ చేసి సామాజిక తనిఖీ వైపో, ఎకనామిక్స్‌లో పీజీ చేసి ఐఈఎస్ వైపో వెళ్లడం మంచిది. ఎకనామిక్స్ పీజీ ఉండి వయసు 25 లోపు అయితే ఐఈఎస్‌కు గట్టిగా రెండు ప్రయత్నాలు చేయండి. ఇంటర్ గణితం మార్కులు సరిపోతే పక్కనే జేఎస్ఓ కూడా రాయండి. 28 దాటి ఇంకా ఏదీ చేతికి రానివారు ఐఎస్ఎస్ కోసం మిగిలిన రెండేళ్లూ ధారపోయకండి. సీజీఎల్‌కు 32 వరకు వీలుంది, రాష్ట్ర పోస్టులకు వయోపరిమితి అంతకన్నా ఎక్కువ. మధ్యలో ఒక ఒప్పంద సర్వేలో చేరి, నెలకు కొంత సంపాదించుకుంటూ, సాయంత్రాలు స్టాటిస్టిక్స్ పేపరుకు కేటాయించండి.